బీరువా బాబాయి పెట్టిన బొమ్మ

రేపటినుంచి రోజూ పొద్దున్నే పార్కులో నాలుగు చుట్లు నడవమని డాక్టరు చెబితే బీరువా బాబాయి నడకకు బెంగపడలేదు, తోడుకు బెంగపడ్డాడు. భార్య పోయి నాలుగేళ్ళు. ఇంట్లో ఆయనతో మాట్లాడేది కుక్కరు ఒక్కటే, అదీ మూడు కూతలతో సరి. ఆఫీసులో రికార్డు గది గుమాస్తా కాబట్టి పదకొండేళ్ళుగా ఉద్యోగం బీరువాల వెనకే. పేరు కూడా వాటినుంచి వచ్చిందే.

అందుకని ఆ ఉదయం ఫోన్లో ఆఫీసు వాట్సాప్ గ్రూపులో నడిచే మనిషి బొమ్మ ఒకటి పెట్టాడు. "నేనూ వస్తా" అని ఎవరో ఒకరు అనకపోతారా అని ఆశ. ఆయన్ని గ్రూపులో చేర్చిందే కిందటి వారం. అక్కడ ఉద్యోగం మానేసేవాళ్ళు ఒక బొమ్మ పెట్టి చక్కాపోవడం రివాజని ఆయనకెవరు చెబుతారు? కిందటి నెల ఒకతను ఊపే చెయ్యి పెట్టి వెళ్ళాడు, అంతకుముందు ఒకావిడ విమానం.

వెంటనే టైపిస్టు ఫోన్ చేసింది.

"బాబాయిగారూ, ఉన్నట్టుండి ఏమిటండీ ఇది?"

"తప్పదమ్మా. డాక్టరు చెప్పారు."

"డాక్టరా! ఎప్పుడు మరి?"

"రేపే. ఇంక ఆలస్యం చేస్తే లాభం లేదన్నారు."

"ఒక్కరే ఎలాగండీ..."

"అదే నా బాధ. పోనీ, తోడుగా నువ్వు రాకూడదూ?"

అవతల ఫోను కింద పడిన చప్పుడైంది.

పదింటికల్లా గోరంత కొండంతయింది, బాబాయికి రేపే ఆఖరట అని. బాబాయి వచ్చేసరికి హాలు మధ్యలో కుర్చీ, దాని మీద పూలదండ. "ఈయన లేని రికార్డు గదిని ఊహించలేను" అన్నాడు మేనేజరు, ఆ గది ఏ అంతస్తులో ఉందో పక్కవాణ్ణి అడిగి తెలుసుకుని.

టైపిస్టు మాత్రం ఏడ్చేసింది. "సాయంత్రం అందరూ వెళ్ళాక నేనొక్కదాన్నే పని చేసుకుంటుంటాను. బాబాయిగారి దగ్గు వినిపిస్తే ధైర్యంగా ఉండేది."

తన దగ్గు కూడా ఒకరికి పనికొస్తుందని బాబాయికి ఇన్నేళ్ళూ తెలియదు. కళ్ళు తుడుచుకున్నాడు.

"నాలుగు చుట్ల నడకకే ఇంత చేస్తారనుకోలేదు" అన్నాడు.

"నడకేమిటి?" అన్నాడు మేనేజరు.

సంగతి తేలేసరికి హాలు ఖాళీ. బతికున్నందుకు ఒక్కరూ సంతోషించలేదు. దండ పూలకొట్టుకి వాపసు వెళ్ళింది. ఇకమీదట గ్రూపులో బొమ్మలు పెట్టరాదని మేనేజరు హుకుం జారీ చేశాడు. బాబాయి తలవంచుకుని బీరువాల వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం దగ్గు వచ్చినా సిగ్గుతో ఆపుకున్నాడు.

మర్నాడు ఆరింటికి, నడకా వద్దు, ఏమీ వద్దనుకుంటూ కుక్కరు ముందు కూర్చుంటే ఫోను టింగుమంది. టైపిస్టు దగ్గరినుంచి ఒకే ఒక్క బొమ్మ. నడిచే మనిషి. బాబాయి వెంటనే ఫోన్ చేశాడు.

"అమ్మా, ఉద్యోగం మానేస్తున్నావా?" అన్నాడు కంగారుగా.

"మానెయ్యడమేమిటండీ! మీ గేటు దగ్గర నిలబడ్డాను. చలేస్తోంది, త్వరగా రండి."

బాబాయి మూడంతస్తులూ పరుగున దిగాడు. డాక్టరు నడవమని మాత్రమే చెప్పాడు.