తుర్దకూన్ నడుముకు గొర్రెతోలు

మర్నాడు మందను కొండమీది పచ్చికకు తోలాలి. తుర్దకూన్ తాత ముందురోజు పొద్దున్నే జీను అందుకుందామని వంగాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. మా నారిన్ కొండసీమలో మంద ముందు గుర్రమెక్కి నడిచేవాడే ఇంటికి పెద్ద. ఆయన వెళ్ళకపోతే ఆ గుర్రం తమ్ముడు కల్మత్ ఎక్కుతాడు. నడుము కన్నా ఆ తలపే ఎక్కువ పొడిచింది పాపం.

ఆసుపత్రి డాక్టరమ్మ కాళ్ళు ఎత్తించి, వేళ్ళు గిల్లి చూసింది. "కంగారేం లేదు బాబాయ్. మంచం పట్టకుండా మెల్లగా నడవండి. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. గుర్రం మాత్రం అప్పుడే వద్దు."

సూది లేదు, కట్టు లేదు, ఉత్త నడకట! అంత చవక వైద్యం పెద్దమనిషికి అవమానం కాదూ?

అక్క సాయ్రాకు అసలు వైద్యం తెలుసు. "అప్పుడే కోసిన గొర్రె తోలు వెచ్చవెచ్చగా చుట్టాలిరా. మీ బావకూ చుట్టాను."

"బావ పోయాడు కదే!"

"పోతే పోయాడు, నడుంనొప్పితో కాదుగా!"

ఇంకేం, గొర్రె తెగింది. తాతను మెడ నుంచి మోకాళ్ళ దాకా తోలులో బిగించి, గోడవైపు తిప్పి పడుకోబెట్టారు. మాంసం పారేస్తారా? ఆయన భార్య బూరుల్ పెద్ద బాన పొయ్యి మీదకెక్కించింది. వాసన పట్టి ఇరుగుపొరుగు వచ్చి గుర్రాలు కట్టేశారు, అందరూ పరామర్శకే!

ఏటి అవతల కల్మత్ ఆ పొగ చూశాడు, గుర్రాలు చూశాడు. తనకు పిలుపు రాలేదు. విందుకైతే ముందే పిలుస్తారు. పిలవకుండా జనం పోగయ్యేది ఒక్క చావుకే. పొద్దున అన్న నడుము పట్టేసిందని విన్నాడు కూడా. ఆచారం తప్పకుండా గుర్రాన్ని దౌడు తీయిస్తూ దూరం నుంచే ఏడుపు ఎత్తుకున్నాడు: "అన్నా! నా కొండ కూలిందే!"

మగవాళ్ళ ఏడుపు బయట వినబడితే లోపలి ఆడవాళ్ళు అందుకోవాలి. బూరుల్ గరిటె వదిలేసి, గోడకు తిరిగి శోకాలు మొదలుపెట్టింది. పోయిందెవరో తర్వాత అడగొచ్చు. కల్మత్ ఇంట్లోనే ఎవరో పోయి ఉంటారని అతిథులు కూడా నోట్లోది మింగి ఏడ్చారు.

కల్మత్ లోపలికొచ్చి అన్న కాళ్ళ మీద పడ్డాడు. "బెంగపడకన్నా! రేపు నీ ఎర్రగుర్రం నేనెక్కుతాగా. నీకంటే బాగానే తోలతాలే!"

"ఎవడ్రా ఎక్కేది నా గుర్రం!" అంటూ శవం లేచింది.

తోలు ఈడ్చుకుంటూ అన్న, కెవ్వుమంటూ తమ్ముడు బాన చుట్టూ తిరిగారు. కల్మత్ బయటికి ఉరికి, దొరికిన గుర్రం ఎక్కబోయి అటువైపు పడ్డాడు. "అమ్మో, నా నడుము!"

"చూశారా, నా తోలు పనిచేసింది!" అంది సాయ్రా.

తెల్లవారింది. అన్న కాలు రికాబు దాకా లేవలేదు, తమ్ముడిది నేల వదల్లేదు. అయినా ఎవరెక్కాలన్న పోట్లాట మాత్రం ఆగలేదు.

"మీరు తేల్చుకునేలోపు మళ్ళీ మంచు పడుతుంది" అంటూ బూరుల్ ఎర్రగుర్రం ఎక్కింది. అన్నదమ్ములిద్దరూ నడుములు పట్టుకొని వెనకాల నడిచారు.

మంద మాత్రం తేడా ఏమీ గమనించలేదు.