మా వార్డు వాణిజ్య లోటు తీరిన విధం

"సోదర సోదరీమణులారా! పక్క వార్డు మనల్ని దోచుకు తింటోంది!"

మా మెంబరుగారు మైకులో ఈ మాట అన్నప్పుడు నేను వేదిక మీదే, ఆయన వెనకాల ఉన్నాను. కోటు భుజం దగ్గర కుట్టు విడిపోతే పిన్నులు పెట్టమని నన్ను పిలిపించారు. మా వార్డు మొత్తానికి నేనొక్కణ్ణే టైలర్ని. ఆ విధంగా చరిత్ర జరుగుతుంటే నోట్లో పిన్నులు పెట్టుకుని దాని వెనకాల నిలబడే భాగ్యం నాకు కలిగింది.

మెంబర్లందరినీ ఆ మధ్య రాజధానిలో శిక్షణ శిబిరానికి పంపారు. మిగతావాళ్ళు తిరిగొచ్చి అక్కడ భోజనాలు బాగున్నాయన్నారు. మా మెంబరుగారు ఒక్కరే జ్ఞానంతో తిరిగొచ్చారు. ఆ జ్ఞానం పేరు ట్రేడ్ డెఫిసిట్, అంటే వాణిజ్య లోటు.

"మనం రోజూ కల్వర్టు దాటి వెళ్ళి రొట్టె కొంటున్నాం. పాలు కొంటున్నాం. మందులు, మేకులు, బల్బులు కొంటున్నాం. మరి వాళ్ళు మన దగ్గర ఏం కొంటున్నారు?"

"బట్టలు కుట్టించుకుంటున్నారండీ" అన్నాను. పిన్నుల వల్ల అది ఎవరికీ అర్థం కాలేదు.

"ఏమీ కొనడం లేదు!" అని ఆయనే జవాబు చెప్పుకున్నారు.

మా వార్డుకీ పక్క వార్డుకీ మధ్య ఒక మురుగుకాలువ, దాని మీద ఒక కల్వర్టు ఉన్నాయి. బేకరీ, పాలకేంద్రం, ఆసుపత్రి, బడి అన్నీ అటువైపు. ఇళ్ళు, నా కొట్టు, మెంబరుగారి ఆఫీసు ఇటువైపు. ఇందులో కుట్ర ఉందని అంతవరకు ఎవరికీ తట్టలేదు.

జనంలోంచి రిటైర్డు ఎకనామిక్స్ లెక్చరర్‌గారు లేచారు. "అయ్యా, డబ్బిచ్చాం, రొట్టె తెచ్చుకున్నాం. డబ్బు అటు పోయింది, రొట్టె ఇటు వచ్చింది. ఇందులో దోపిడీ ఎక్కడుందండీ?"

"వచ్చిన రొట్టె ఏదీ? చూపించండి."

"తినేశాం కదండీ."

"చూశారా!" మెంబరుగారు జనం వైపు తిరిగారు. "మన దగ్గర రొట్టె లేదు. వాళ్ళ దగ్గర డబ్బు మాత్రం భద్రంగా ఉంది!"

చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను.

ఇంత చదువుకున్న మనిషిని బయట వదిలేయడం ప్రమాదమని గ్రహించి, మెంబరుగారు మర్నాడే లెక్చరర్‌గారిని ఆర్థిక సలహాదారుగా వేసుకున్నారు. గుండ్రంగా తిరిగే కుర్చీ ఇచ్చారు. మొదటి సమావేశంలోనే లెక్చరర్‌గారు గొంతు సవరించుకుని, "కొత్తగా పుట్టిన పరిశ్రమ నిలదొక్కుకోవడానికి దిగుమతి సుంకం కొంతకాలం సాయపడవచ్చు, కానీ..." అని మొదలుపెట్టారు.

"బాగుంది. 'కానీ' దగ్గర ఆపండి" అన్నారు మెంబరుగారు. లెక్చరర్‌గారు ఆపారు. కుర్చీ చాలా మెత్తటిది.

ఆ వారంలోనే కల్వర్టుకి అడ్డంగా తాడు కట్టారు. తాడు పక్కన ఒక బల్ల, బల్ల మీద గొడుగు, గొడుగు కింద మెంబరుగారి బావమరిది వెలిశారు. ఆయన వెనక అకారాది క్రమంలో రేట్ల బోర్డు లేచింది. అగ్గిపెట్టె నుంచి హార్మోనియం దాకా అన్నిటికీ సుంకం రాసి ఉంది. రొట్టె మీద సగానికి సగం.

మొదటిరోజు పొద్దున్నే రొట్టె తెస్తూ నేను ఆయన చేతికి చిక్కాను.

"సుంకం కట్టు."

"ఇది అవతలి వార్డువాళ్ళు కడతారని మెంబరుగారు చెప్పారు కదండీ?"

"అవును, వాళ్ళే కడుతున్నారు."

"మరి నా జేబులోంచి తీసుకుంటున్నారేం?"

"జేబు నీదే. కట్టేది మాత్రం వాళ్ళు" అన్నారాయన, చిల్లర లెక్కపెట్టుకుంటూ.

ఇంత సులువైన విషయం నాకు తెలియనందుకు సిగ్గుపడి ఇంటికొచ్చాను. అదే మాట మా ఆవిడకి చెబితే, "అయితే రేపట్నుంచి వాళ్ళ జేబుతోనే వెళ్ళి తెండి" అంది. ఆవిడకి మొదట్నుంచీ ఆర్థికశాస్త్రం మీద గౌరవం తక్కువ.

తర్వాత స్వదేశీ పరిశ్రమ వెలిసింది. బావమరిదిగారే బేకరీ పెట్టారు. బేకరీకి కావలసిన పొయ్యి, పిండి, ఈస్టు, ఆఖరికి పిండి కలిపే మనిషి కూడా అవతలి వార్డు నుంచే వచ్చారు గానీ, అవన్నీ వార్డు ప్రయోజనాల దృష్ట్యా తాడు కింద నుంచి వచ్చాయి కాబట్టి సుంకం పడలేదు. మన రొట్టె ధర ఎంత పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, ప్రజలకి మేలు జరగాలని మెంబరుగారు పట్టుబట్టారు. అందుకని అవతలి రొట్టె ధరకి సుంకం కలిపి, అందులోంచి ఒక్క పైసా తగ్గించారు.

రొట్టె మాత్రం దృఢంగా ఉండేది. మా ఆవిడ ఒక రొట్టెని గిన్నెడు నీళ్ళలో నానబెట్టింది. తెల్లారేసరికి నీళ్ళు కాస్త చిక్కబడ్డాయి గానీ రొట్టె మెత్తబడలేదు. వార్డు ఆత్మగౌరవం అంత గట్టిగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

పక్క వార్డువాళ్ళు ఊరుకోలేదు. వాళ్ళూ తమవైపు ఒక తాడు కట్టి, మావైపు నుంచి వచ్చే సరుకుల మీద సుంకం వేద్దామని చూశారు. తీరా చూస్తే మావైపు నుంచి వెళ్ళే సరుకల్లా నేను కుట్టే బడి యూనిఫారాలు. సుంకం మొత్తం వాటి మీదే పడింది. బడివాళ్ళు నిక్కర్లు వేరేచోట కుట్టించుకోవడం మొదలుపెట్టారు. ఏటా ఆ రోజుల్లో నాకు తల ఎత్తే తీరిక ఉండేది కాదు. ఆ ఏడు తల ఎత్తుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. మా అబ్బాయి నా దగ్గరే కాజాలు కుట్టేవాడు. వాడూ కూర్చున్నాడు. కోడలు నిండు నెలలతో ఉంది.

మెంబరుగారి దగ్గరకి వెళ్ళి చెప్పుకున్నాను.

ఆయన లేచి నన్ను కౌగలించుకున్నారు. "అదృష్టవంతుడివయ్యా టైలరూ! ఈ పోరాటంలో మొదటి దెబ్బ నీకే తగిలింది. ఎంతమందికి దక్కుతుంది ఈ గౌరవం?"

"గౌరవం సరే సార్, బేరాలు లేవు."

"లేకపోవడమేమిటి? మన వార్డువాళ్ళు నీ దగ్గర ఒకటికి రెండు చొక్కాలు కుట్టించుకుంటారు. ఒకదాని మీద ఒకటి వేసుకుంటారు. ముందు నాకే కుట్టు ఒక కోటు!"

కుట్టాను. అయితే గుండీలు అవతలి వార్డులోనే దొరుకుతాయి. దిగుమతి గుండీలతో వేదిక ఎక్కడానికి మెంబరుగారు ఒప్పుకోలేదు. దాంతో ఆయన ఎడమచేత్తో కోటు మూసి పట్టుకుని, కుడిచేత్తో ప్రసంగించడం అలవాటు చేసుకున్నారు. అది నాయకత్వ లక్షణమనుకుని వార్డు యువకులంతా ఎడమచెయ్యి పొట్ట మీద పెట్టుకుని నడవసాగారు.

ఈలోగా మా కోడలికి నొప్పులొచ్చాయి. ఆసుపత్రి అటువైపే కదా. వెళ్ళేటప్పుడు బావమరిదిగారు తాడు ఎత్తి, సలాం కూడా కొట్టారు. చిక్కంతా వచ్చేటప్పుడే వచ్చింది.

అబ్బాయి సంచీ పట్టుకుని ముందు నడుస్తున్నాడు. కోడలు బిడ్డని పొత్తిళ్ళలో పెట్టుకుని వెనక వస్తోంది. మేమిద్దరం ఇవతల నిలబడి ఉన్నాం. మా ఆవిడ బిడ్డని అందుకోవడానికి మెత్తటి తువ్వాలు ఒకటి చేతుల్లో పరుచుకుని సిద్ధంగా ఉంది. బావమరిదిగారు తాడు దించారు.

"కొత్త సరుకేమైనా తెస్తున్నారా?"

"సరుకేమిటి, మనవడు!" అంది మా ఆవిడ ఇవతలి నుంచి.

"వెళ్ళేటప్పుడు లేడే?"

"ఉన్నాడు. లోపల ఉన్నాడు."

"లోపల ఉన్నవి లెక్కలోకి రావు. ఎక్కడ తయారయ్యాడు?"

"పుట్టాడండీ" అన్నాడు మా అబ్బాయి. "ఆసుపత్రిలో పుట్టాడు."

"ఏ వార్డు ఆసుపత్రి?"

మా అబ్బాయి వేలితో కాలువ అవతలికి చూపించాడు. లెక్చరర్‌గారికి కబురు వెళ్ళింది. ఆయన కుర్చీతో సహా వచ్చారు. బిడ్డని కళ్ళజోడులోంచి చూసి, "సరుకు ఎక్కడిదో తేల్చాలంటే ముందు ముడిసరుకు సంగతి చూడాలి. ముడిసరుకు మన వార్డుదేనా?" అన్నారు.

మా అబ్బాయి ఎర్రబడి, "మనదేనండీ" అన్నాడు.

"పనిలో ఎక్కువ భాగం ఎక్కడ జరిగింది?"

"తొమ్మిది నెలలూ ఇక్కడే మోశాను" అంది కోడలు పళ్ళు బిగించి. "అక్కడ ఒక్క పూట."

"అయితే అక్కడ జరిగింది ఫినిషింగ్ మాత్రమే" అని తేల్చారు లెక్చరర్‌గారు. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది.

బావమరిదిగారు బోర్డు చూశారు. "ఫినిషింగ్ అయిన సరుకు మీదే సుంకం ఎక్కువ" అన్నారు.

అంతలో మెంబరుగారే స్వయంగా వచ్చారు. బిడ్డ బుగ్గ నిమిరారు. ఆయన మనసు వెన్న అన్న సంగతి మా వార్డులో అందరికీ తెలుసు. "పసివాడి మీద సుంకం వేసేంత కసాయివాణ్ణి కాదమ్మా నేను. కానీ ఇవాళ నీ బిడ్డని ఊరికే వదిలేస్తే, రేపు ప్రతివాళ్ళూ అక్కడికెళ్ళి కని తెచ్చుకుంటారు. మన ఉత్పత్తి ఏం కావాలి? కమిటీ వేస్తాను. తీర్పు వచ్చేదాకా బిడ్డని గోడౌన్లో భద్రంగా ఉంచుదాం."

గోడౌన్ అంటే బావమరిదిగారి పిండి గది.

కోడలు నావైపు తిరిగింది. "మామయ్యా, మీరు ఈయనగారికి కోట్లు కుట్టిపెడుతూ ఇక్కడే ఉండండి. నా బిడ్డని పిండిబస్తాల మధ్య పెట్టను. అటువైపు మా పిన్నివాళ్ళింటికి పోతున్నా" అంది. అని గిర్రున వెనక్కి తిరిగింది. మా అబ్బాయి నన్నొకసారి, దాన్నొకసారి చూసి, దాని వెనకే వెళ్ళాడు.

మా ఆవిడ తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడింది. "ఏవండీ, వాడి మొహమైనా సరిగా చూడలేదు. ముక్కు ఎవరి పోలికో ఏమో" అంది.

వార్డు ప్రయోజనాలు అంటూ ఏదో మొదలుపెట్టి, మధ్యలో ఆపి, ఆవిడ చేతుల్లోంచి తువ్వాలు తీసుకుని మడతపెట్టాను.

సరుకు లోపలికి రాకుండా బయటికి పోయింది కాబట్టి, బావమరిదిగారు రూలు ప్రకారం "ఎగుమతి: పసిబిడ్డ, ఒకటి" అని రాసుకున్నారు. ఆ సాయంత్రం అది చూసిన మెంబరుగారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారట. యూనిఫారాలు ఆగిపోయాక మా వార్డు నుంచి బయటికి వెళ్ళిన మొదటి సరుకు అదే మరి.

మర్నాడు మా అబ్బాయి వచ్చి మంచం, పరుపు, కోడలి వంటపాత్రలు బండి మీద వేసుకుపోయాడు. బావమరిదిగారు అన్నీ ఎగుమతుల కింద రాశారు. బయటికి పోయేవాటికి సుంకం లేదు, పైగా సలాం ఉందని చూసి ఎదురింటివాళ్ళు బీరువా బండెక్కించారు. రొట్టెతో పన్ను విరిగిన పక్కింటి తాతగారు మనవరాళ్ళతో సహా వెళ్ళిపోయారు. బల్లలు, కుక్కర్లు, ఉయ్యాలలు, చుట్టి కట్టిన పరుపుల మూటలు కల్వర్టు మీద బారులు తీరాయి.

మెంబరుగారి ఆనందానికి అంతులేదు. ప్రతి సాయంత్రం మైకులో ప్రకటించేవారు. "ఎగుమతులు రెట్టింపయ్యాయి!" "లోటు సగానికి పడిపోయింది!" వినేవాళ్ళు రోజురోజుకీ తగ్గుతుంటే మైకు శబ్దం అంతకంతకీ స్పష్టంగా వినపడసాగింది. రొట్టె కొనేవాళ్ళూ తగ్గడంతో దిగుమతులు కూడా పడిపోయాయి. లెక్చరర్‌గారు ఒకరోజు కుర్చీలో తిరుగుతూ ఏదో చెప్పబోయి, "కానీ..." అన్నారు. అక్కడే ఆపి, ఇంటికి వెళ్ళి, సామాను సర్దుకున్నారు.

ఒకరోజు నేను కొట్టు తెరిచేసరికి కుట్టుమిషను లేదు. వీధిలో బండి మీద ఉంది. దాని పక్కన మా ఆవిడ కూర్చుని ఉంది.

"వస్తారా, మీ మెంబరుగారితో ఉంటారా?" అంది.

నేను బండి వెనక నుంచి తోశాను.

కల్వర్టు దగ్గర మెంబరుగారు ఎదురొచ్చారు. కుట్టుమిషనుని చూసి ఆయన కళ్ళు చెమర్చాయి. "యంత్రాలు కూడా ఎగుమతి చేసే స్థాయికి ఎదిగాం!" అన్నారు. అప్పటికప్పుడు నాకు ఉత్తమ ఎగుమతిదారు బిరుదు ప్రకటించి శాలువా కప్పారు. ఆ శాలువా, ఎవరో ఖాళీ చేసిన ఇంటి కర్టెను. కుట్టింది నేనే.

"మళ్ళీ కలుద్దాం సార్" అన్నాను మర్యాదకి.

"అమ్మమ్మా, అంత పని చెయ్యకు. వెనక్కొస్తే దిగుమతి అవుతావు."

మేము అటువైపుకి చేరి వెనక్కి తిరిగి చూసేసరికి, మా వెనకే ఇంకో బండి వస్తోంది. దాని మీద బేకరీ పొయ్యి, పొయ్యి మీద బావమరిదిగారు.

"బావా, ఆ తాడు కాస్త ఎత్తి పట్టుకో" అన్నారాయన.

మెంబరుగారు తాడెత్తారు. బండి దాటగానే దించి, పుస్తకంలో రాసుకుని, మైకు అందుకున్నారు. ఆయన వెనక వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా కనిపిస్తోంది. తలుపులన్నీ తీసే ఉన్నాయి.

"చరిత్రలో మొదటిసారిగా, మన వార్డుకి వాణిజ్య లోటు లేదు! మనం ఎవరి దగ్గరా ఏమీ కొనడం లేదు!"

కల్వర్టుకి అవతల నిలబడ్డ మేమంతా చప్పట్లు కొట్టాం. మా కోడలు కూడా బిడ్డని చంకన వేసుకుని కొట్టింది. చాలాకాలానికి ఆయనకి అంత పెద్ద చప్పట్లు దొరికాయి. మెంబరుగారు రెండు చేతులూ ఎత్తి నవ్వారు.

అంతలో ఆయన నవ్వు ఆగింది. చప్పట్లు ఎటునుంచి వస్తున్నాయో ఒక క్షణం చెవి ఒగ్గి విన్నారు. తర్వాత రేట్ల బోర్డు దగ్గరకి నడిచి, పైనుంచి వేలు పెట్టి ఒక్కొక్క వరుసే దిగుతూ, 'చ' కోసం వెతకసాగారు.