చిత్తూరులో చూడదగ్గ వంటిల్లు

తిరుపతిలో పక్కింటి ఢిల్లీబాబు ఊటీ ప్యాకేజీకి స్వెటర్లు సర్దుకుంటున్న ఉదయాన, మునిరామయ్య చేతిసంచిలో లడ్లు పెట్టుకుని చిత్తూరు బస్సుకు బయలుదేరాడు.

"చిత్తూరులో ఏముండాది సార్ చూసేదానికి? చక్కెర మిల్లు గూడా మూతబడిపోయె!"

"అందుకేనప్పా. జనముండరు, ఖర్చుండదు."

అసలు సంగతి అది కాదు. ఆ మిల్లు ల్యాబులో ఉద్యోగం చేసేటప్పుడు ఆయనా, పంకజాక్షీ కాపురం పెట్టింది అక్కడి క్వార్టర్స్‌లోనే. ఆమె పోయాక ముఖం గుర్తుంది గానీ, పొయ్యి ముందు ఎటు తిరిగి కూర్చునేదో ఈమధ్య ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. ఆ వంటింట్లో కాసేపు కూర్చుంటే తెలుస్తుందని ఆశ.

మిల్లు పొగగొట్టం మీద రావిమొక్క మొలిచింది. గేటు దగ్గర మేకలు నెమరేస్తున్నాయి. ఆయన పాత ఇల్లు మాత్రం నిలిచే ఉంది; గుమ్మానికి మామిడాకులు కూడా కట్టారు. ఇంటాయన గంగులప్ప ఎదురొచ్చాడు.

"తిరుపతి నించేనా సార్?"

"అవునప్పా."

"మీకోసరమే సూస్తా ఉండాము. రాండి, రాండి!"

మిల్లు పోయినా మర్యాద పోలేదని మునిరామయ్య కరిగిపోయాడు. ఆ రోజు తన కూతురు హేమశ్రీ పెళ్లిచూపులకు అందరికన్నా ముందు వస్తానన్న పెళ్లికొడుకు పెదనాన్న ఈయనేనని గంగులప్ప తేల్చుకున్నాడు.

"వంటిల్లు ఒకసారి చూడొచ్చునా?"

గంగులప్ప గుండె జారింది. పిల్లకన్నా ముందు వంటిల్లు చూసే సంబంధమా! అతని భార్య నాగవేణి మాడిన బజ్జీల బాణలిని చాటుకు తోసి పీట వేసింది. కూర్చోగానే మునిరామయ్యకు తెలిసిపోయింది: వాకిలి వైపు. తను షిఫ్టు దిగి రావడం కనిపించేటట్టు. ఆయన కళ్లు తుడుచుకోవడం చూసి, మాడిన బజ్జీల పొగ కళ్లకెక్కిందనుకుని నాగవేణి గబగబా కిటికీ తెరిచింది.

అంతలో అసలు పెళ్లివారు దిగారు. పెళ్లికొడుకు తల్లి చౌడమ్మ నేరుగా లోపలికొచ్చి, వంటింట్లో అంత చనువుగా కూర్చున్న పెద్దాయన పిల్లకు తాతే అయ్యుంటాడనుకుని పక్కన చతికిలబడింది.

"ఈ ఇంటి ఆడబిడ్డ గుణం ఎట్లాంటిది పెద్దాయనా?"

మునిరామయ్య ఆశ్చర్యపోలేదు. అప్పటికి ఆ వంటింట్లో ఆయనకు కనిపిస్తున్న ఆడమనిషి పంకజాక్షి ఒక్కతే.

"కోపమంటే తెలీదు తల్లీ. కూరలో ఉప్పెక్కువైందంటే గూడా నవ్వుతాది."

"ఇంగేం కావాల! తాంబూలాలు మార్సుకుందాం!" అంటూ చౌడమ్మ ముందు గదిలోకి పరుగెత్తింది.

గంగులప్ప చెమటలు కక్కుతూ వచ్చాడు. "పెదనాయనకు జొరమంట, రాలేదంట. మరి మీరెవురు సామీ?"

మునిరామయ్య అంతా చెప్పాడు. గంగులప్ప తల పట్టుకున్నాడు. "మా పాపకు ముక్కుమీదే కోపం!"

"అయ్యో! పోయి నిజం చెప్పేస్తానుండు."

అంతా విన్న హేమశ్రీ పూలజడతో వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడింది. "వద్దు తాతా. ఆ అబ్బాయి నాకు నచ్చినాడు." తర్వాత గొంతు తగ్గించింది. "అయినా, ఆ అవ్వకు నిజంగా కోపమే రాదా?"

మునిరామయ్య ఆలోచించాడు.

"దినామూ తిట్టేది తల్లీ. తిట్టేవాళ్లు లేకనే ఇంత దూరం వచ్చినాను."

ఆ మాట ముందు గదికి వినబడకుండా గంగులప్ప తలుపు దగ్గరగా వేశాడు.