హెన్షీర్ లజ్రగ్ వంతెన ప్రారంభోత్సవం

ప్రవాసుల మెదళ్లే దేశానికి అసలైన ఖనిజ సంపద అని ప్రవాస బంధాల శాఖ మంత్రిగారు ఆగస్టు మొదటి సోమవారం ట్యునీషియా రాజధాని ట్యూనిస్‌లో ప్రకటించారు. ఫాస్ఫేటు గనుల్లో సమ్మె మొదలై అప్పటికి మూడు వారాలైంది గనుక ఆ ఖనిజం మాట ఎత్తలేదు. ఈ సంపదను వెలికితీయడానికి జిల్లాకొక సభ పెడతామని, మొదటి సభకు తామే స్వయంగా విచ్చేస్తామని సెలవిచ్చారు.

మొదటి సభ హెన్షీర్ లజ్రగ్‌కు దక్కింది. ఆ ఊరి ప్రవాసుల్లో అభిప్రాయాలు ఉన్నవాడు ఒక్కడే. అతడే లసాద్.

లసాద్ ఇరవయ్యేడేళ్లుగా ఫ్రాన్స్‌లో, లియోన్ నగరంలో ట్రామ్ నడుపుతున్నాడు. ప్రతి ఆదివారం ఫేస్‌బుక్‌లో 'ఇక్కడా అక్కడా' అని నాలుగు ముక్కలు రాస్తాడు. లియోన్‌లో ఉన్న పదకొండు నెలలూ, మా ఊళ్లో మనిషి తూలితే పదిమంది పట్టుకుంటారు, ఇక్కడ మెట్లమీద ఎదురైన పొరుగువాడు గోడను చూస్తాడు అని రాస్తాడు. ఆగస్టులో కారు టాపు మీద రెండు పరుపులూ ఒక ఫ్రిజ్జూ కట్టుకుని ఓడ దిగగానే, అక్కడ ట్రామ్ రెండు నిమిషాలు ఆలస్యమైతే మైకులో క్షమాపణ చెబుతారు, ఇక్కడ బస్సు రాకపోతే రాలేదని చెప్పడానికి కూడా ఎవడూ రాడు అని రాస్తాడు. రెండూ నిజాలే కావడంతో రెండుచోట్లా అతనికి మెచ్చుకునేవాళ్లు తక్కువ.

ఈసారి మాత్రం అతని బుర్రలో ఒక్కటే ఉంది. చలికాలపు వరదకు ఊరి వంతెన కొట్టుకుపోయింది. అక్క మబ్రూకా ఇల్లు వాగుకి ఇవతల, ఆసుపత్రి అవతల. పై డ్యాము నుంచి పొలాలకు వదిలే నీళ్లతో వేసవిలో కూడా వాగు మోకాలి లోతున పారుతోంది. ఇవతలి గట్టుకు వేరే బండిదారి లేదు. లసాద్ కూడా కారు అవతలే వదిలి, ప్యాంటు మడుచుకుని దాటాడు. మబ్రూకాకు షుగరు. పాదానికి పుండు. వారానికి మూడుసార్లు కట్టు మార్పించుకోవాలి. పాదం తడిస్తే కాలు తీసేయాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆమె ప్లాస్టిక్ సంచీ చుట్టి, పైన రబ్బరు బూటు తొడిగి దాటుతోంది. బూట్లోకి నీళ్లు వస్తూనే ఉన్నాయి.

"సభలో ఏం మాట్లాడతావురా?" అని అడిగింది మబ్రూకా.

"రెండు దేశాల రాజకీయాలూ, సంస్కృతులూ పోల్చి చూపిస్తానక్కా. పన్నెండు పేజీలొచ్చింది."

"ఆ పోలికలు మీ ఆవిడకి చెప్పుకో. నువ్వు వంతెన అడుగు."

లసాద్ పదమూడో పేజీ రాశాడు.

సభకు ముందురోజు జిల్లా సాంస్కృతికాధికారి నజీబ్ గారు ప్రసంగాన్ని పరిశీలించారు. ఎర్రపెన్నుతో పరిశీలించడం ఆయన అలవాటు.

"భాష అమోఘం లసాద్ గారూ. ఇక్కడ 'వాగు' అన్నారు. ఏ వాగు?"

"మా వాగేనండీ."

"పేరు పెడితే ఫిర్యాదవుతుంది. పేరు తీసేస్తే తత్వమవుతుంది. తీసేద్దాం. ఈ పాదం ఎవరిది?"

"మా అక్కది."

"మంత్రిగారు భోంచేసి వస్తారు. పుండు వద్దు."

సాయంత్రానికి పదమూడు పేజీల్లో 'మనకు వంతెన కావాలి' అన్న వాక్యం ఒక్కటే మిగిలింది.

"అది మాత్రం కొట్టకండి," అన్నాడు లసాద్.

"ఎంత మాట! ప్రసంగానికి ప్రాణమే అది."

లసాద్‌కు ఆయన మీద ప్రేమ పుట్టుకొచ్చింది. టీ తాగుతూ మనసు విప్పాడు. లియోన్‌లో కూడా మునిసిపాలిటీవాళ్లు తనను 'వైవిధ్య సాయంత్రం' అనే సభకు పిలిచారట. ఎనిమిది నెలలుగా చెడిపోయిన తమ బిల్డింగ్ లిఫ్టు గురించి మాట్లాడదామని వెళ్తే, చేతికి దర్బుకా డోలు ఇచ్చి వాయించమన్నారట. వాయించడం రాదంటే, సిగ్గుపడటం మీ సంస్కృతిలో ఎంత అందమైన విషయమో అని డిప్యూటీ మేయరమ్మ మురిసిపోయిందట.

"చివరికి నేను రెండు సంస్కృతుల మధ్య వంతెననని కూడా అందండీ. నిజమే మరి. ఇరవయ్యేడేళ్లుగా రెండు దేశాలవాళ్లూ నా మీదుగానే నడుస్తున్నారు."

నజీబ్ గారు టీగ్లాసు పక్కనపెట్టి, ఆ మాట కాగితం మీద రాసుకున్నారు.

మర్నాడు, మంగళవారం, యువజన కేంద్రంలో సభ. మంత్రిగారు మూడు గంటలు మాత్రమే ఆలస్యంగా వచ్చారు. లసాద్ మైకు ముందుకెళ్లి, "మనకు వంతెన కావాలి," అన్నాడు. ఎర్రపెన్ను సంగతి మరిచిపోయి, "మా వాగు మీద. మా అక్క పాదం..." అంటుండగానే మంత్రిగారు లేచి అతన్ని గుండెలకు హత్తుకున్నారు. మిగతా మాటలు ఆయన కోటులోకి వెళ్లిపోయాయి.

"వంతెన కావాలంటున్నాడు ఈ సోదరుడు!" అన్నారు మంత్రిగారు, నజీబ్ గారందించిన కాగితం చూసుకుంటూ. "ఎంత వినయం! వంతెన మన కళ్లముందే నిలబడి ఉంది. ఇరవయ్యేడేళ్లుగా రెండు దేశాల బరువు మోస్తోంది. సిమెంటు వంతెన వరదకు పోతుంది. ఇది పోతుందా?"

"పోదు!" అన్నారు జనం.

వెండి పళ్లెంలో కత్తెర వచ్చింది. లసాద్ ఛాతీకి అడ్డంగా ఎర్ర రిబ్బను పట్టుకున్నారు. మంత్రిగారు కత్తిరించి, హెన్షీర్ లజ్రగ్ వంతెనను జాతికి అంకితం చేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. లసాద్ కూడా కొట్టాడు. సంగతి అర్థమయ్యేసరికి మంత్రిగారి కారు ఊరు దాటింది.

బుధవారం పొద్దున్నే అతను మునిసిపల్ పనుల విభాగానికి పరిగెత్తాడు. గుమాస్తా సిహామ్ ఫైలు తిరగేసింది.

"వంతెన పూర్తయినట్టు నిన్ననే ఎక్కిందండీ."

"పూర్తయింది నేనమ్మా!"

"మరింకేం? మీకు తెలియని విషయం కాదుగా."

"అసలు వంతెన ఎప్పుడు కడతారు?"

"ఉన్న వంతెన పక్కన ఇంకోటి రూల్స్ ఒప్పుకోవండీ. ఉన్నది శిథిలమైందని ఇంజనీరు రాసిస్తే పంపిస్తాను." ఆమె నిజంగానే జాలిపడింది. గొంతు తగ్గించి, "నడుం నొప్పిలాంటిది ఏమైనా ఉందా మీకు?" అని అడిగింది.

"లేదు."

"అయ్యో," అంది సిహామ్.

గురువారం కట్టు మార్పించే రోజు. లసాద్ అక్కను తీసుకుని గట్టుకు వచ్చేసరికి కొత్త బోర్డు పాతి ఉంది. వంతెన అందుబాటులోకి వచ్చినందున వాగులో దిగి దాటడం నేరం.

"ఏమని రాశార్రా?" అంది మబ్రూకా. ఆమెకు చదువు రాదు.

"వంతెన ఉందంటున్నారక్కా."

మబ్రూకా అటూ ఇటూ చూసింది. "ఎక్కడ?"

ఆమె బూటు లోపల కట్టు అప్పటికే పసుపు రంగుకు తిరిగింది. లసాద్ చెప్పులు విప్పి, ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఎక్కు."

"సిగ్గులేదూ! అరవయ్యేళ్లదాన్ని. నీ నడుం విరుగుతుంది."

"ఎక్కక్కా. చిన్నప్పుడు నువ్వు మొయ్యలేదా?"

ఎక్కింది. ఆమె ఇంత తేలికైపోయిందని అతనికి తెలియదు. నీళ్లు చల్లగా ఉన్నాయి. కింద రాళ్లు జారుతున్నాయి. సగం దూరం వెళ్లాక ఆమె అతని చెవిలో అడిగింది.

"మీ లియోన్‌లో జబ్బుపడితే ఇలా మోస్తార్రా?"

"అంబులెన్సు వస్తుందక్కా. ఏడు నిమిషాల్లో."

"మంచిదేగా."

"మంచిదే. కాకపోతే లోపల మనం ఒక్కళ్లమే ఉంటాం."

అవతలి గట్టున నజీబ్ గారు ఫొటోగ్రాఫరుతో నిలబడి ఉన్నారు. బోర్డు ఫొటో కోసం వచ్చారట.

"అక్కడే ఆగండి లసాద్ గారూ! కొంచెం నవ్వండి. అమ్మా, మీరు చెయ్యి ఊపండి."

మబ్రూకా ఊపింది. పాదం తడవలేదు.

శుక్రవారం పత్రిక మొదటి పేజీలో ఆ ఫొటో వచ్చింది. 'హెన్షీర్ లజ్రగ్ వంతెనపై రాకపోకలు షురూ' అని శీర్షిక. 'మొదటి ప్రయాణికురాలి ఆనందం' అని కింద చిన్న అక్షరాల్లో ఉంది.

శనివారం పొద్దున మళ్లీ కట్టు మార్పించడానికి అక్కను తీసుకుని లసాద్ గట్టుకు వచ్చాడు. అప్పటికే అక్కడ ఒక నిండు గర్భిణి, సంచీల నిండా మిరపకాయలతో ముగ్గురాడవాళ్లు, మేకను పట్టుకున్న ముసలాయన ఒకరి వెనక ఒకరు నిలబడి ఉన్నారు. క్యూ చాలా పద్ధతిగా ఉంది.