మా డాబా మీద సుస్థిరాభివృద్ధి

మా అపార్ట్‌మెంటును ‘ఆదర్శ సుస్థిర నివాస సముదాయం’గా ప్రకటించారని తెలియజేయడానికి నివాసుల సంఘం కార్యదర్శిగా ఎంతో గర్విస్తున్నాను. ఆ బిరుదును నల్లరాతి మీద చెక్కించి లిఫ్టు పక్కన గోడకు బిగించాం. మా లిఫ్టు తీరిగ్గా వస్తుంది కాబట్టి ఎదురుచూసేవాళ్లంతా దాన్ని చదువుకుంటూ ఉంటారు. కొందరికి కంఠతా వచ్చేసింది కూడా. ఈ స్థాయికి మేం ఊరికే చేరలేదు. దీని వెనక ఎంత కృషి ఉందో, ఎంత త్యాగం ఉందో నలుగురికీ తెలియాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. కృషి అందరం చేశాం. త్యాగం మాత్రం ఒక్కరే చేశారు.

ఆ ఒక్కరూ పై అంతస్తులో అద్దెకుండే దుప్పట్ల వదిన. ఆమె అసలు పేరు సంఘం రికార్డుల్లో ఉండే ఉంటుంది, ఎవరూ వెతకలేదు. వీధి చివర ప్రసూతి ఆసుపత్రి నుంచి దుప్పట్లు మూటలుగా తెచ్చి, ఉతికి, డాబా మీద ఆరేసి, అంచుకు అంచు కలిపి మడతపెట్టి తిరిగి ఇచ్చి వస్తుంది. భర్త పోయాక అత్తగారి మందులూ కూతురి చదువూ ఆ దుప్పట్ల మీదే నడుస్తున్నాయి. పొద్దున్నే మా డాబా తెరచాపలెత్తిన ఓడలా ఉండేది. అప్పటికి మేమింకా సుస్థిరం కాలేదు కాబట్టి ఒక పక్కగా మా బట్టలు కూడా అక్కడే ఆరేసుకునేవాళ్లం.

అటువంటి చీకటి రోజుల్లో ‘పచ్చని రేపు’ సంస్థవారు మా గుమ్మంలో అడుగు పెట్టారు. తమకు లాభాపేక్ష లేదని వాళ్లు ముందే చెప్పారు. మాకు ఉంది కాబట్టి ముందు వరసలో కూర్చున్నాం. సంస్థ డైరెక్టర్ మేడం స్వచ్ఛమైన శక్తి గురించి తెర మీద బొమ్మలు చూపించారు. మిట్టమధ్యాహ్నం కావడంతో వెలుతురుకు బొమ్మలు కనబడలేదు. అందుకని కిటికీలన్నింటికీ నల్లగుడ్డలు కట్టి ఎండను బయటే ఆపేశాం. ఇంతలో కరెంటు పోయింది. డీజిలు జనరేటరు తెప్పించాం. ఆ పొగలో దగ్గుకుంటూనే, కాలుష్యం ఎంత ప్రమాదకరమో అందరం కళ్లారా, గుండెలారా తెలుసుకున్నాం. డాబా నిండా సోలార్ ప్యానెళ్లు పెట్టించుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. దుప్పట్ల వదిన ఆ సమావేశానికి రాలేదు. ఆ సమయంలో ఆమె డాబా మీద ఉంది.

ప్యానెళ్లు వచ్చిన రోజున పనివాళ్లు ముందుగా బట్టలారేసే తీగలు కోసేశారు. వదిన తడి మూట చంకలో పెట్టుకుని అక్కడే నిలబడింది.

“ఏం మేడం, తీగలు కోసేస్తున్నారేంటి?”

“ఎండను వినియోగంలోకి తెస్తున్నామమ్మా.”

“నేను రోజూ వాడుకుంటూనే ఉన్నాగా? ఇదిగో, తీగ మీంచి ఇప్పుడే తీసిన ఈ దుప్పటి పట్టుకు చూడండి. గలగల్లాడుతోంది.”

డైరెక్టర్ మేడం జాలిగా నవ్వారు. “అది వినియోగం కాదమ్మా. మీటరు లేని వాడకం లెక్కలోకి రాదు. ఇన్నాళ్లూ మీరు ఎండను వృథా చేశారు. మిమ్మల్నేమీ అనడం లేదు, అవగాహన లేక చేశారు.”

“మరి నా దుప్పట్లు ఎక్కడ ఆరేసుకోవాలి, అన్నయ్యగారూ?” అని వదిన నా వైపు తిరిగింది. నేను ఆకాశం వైపు చూశాను. అక్కడ నిజంగానే బోలెడంత ఎండ వృథాగా పడి ఉంది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. మా సంఘం అధ్యక్షుణ్ణి అందరూ మైకు బాబాయి అంటారు. మైకు చేతికొస్తే ఆయన దాన్ని బిడ్డలా చూసుకుంటాడు, ఒక పట్టాన ఎవరికీ ఇవ్వడు. “సూర్యుడు ఇన్ని కోట్ల ఏళ్లుగా పడుతున్న శ్రమకు ఈ రోజు మనం గుర్తింపునిచ్చాం” అని ఆయన అనగానే చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి స్విచ్చి నొక్కారు. బల్బు వెలిగింది.

“ఆ వైరు మెట్ల కింద ప్లగ్గులోకి పోయిందేంటండీ?” అని మా ఆవిడ నా చెవిలో అడిగింది.

అదే సంగతి నేను మర్యాదగా డైరెక్టర్ మేడంను అడిగాను. మొదటి దశలో అవగాహన మాత్రమే వస్తుందనీ, కరెంటు రెండో దశలో వస్తుందనీ ఆవిడ వివరించారు. అవగాహన లేనివాళ్లకు నేరుగా కరెంటు ఇస్తే షాకు కొట్టదూ? డాబా తలుపుకు తాళం వేసి, తాళంచెవి సంస్థవారు తీసుకెళ్లారు.

ఆ వారం నుంచి బట్టలన్నీ ఇళ్లల్లోకి వచ్చేశాయి. మా ఇంట్లో కుర్చీలన్నింటి మీదా చొక్కాలే. మా మావగారు కళ్లజోడు లేకుండా హాల్లోకొచ్చి నా కోటును “ఎప్పుడొచ్చారు?” అని పలకరించారు కూడా. తడిబట్టల ముక్కిన వాసన భరించలేక ఒక్కొక్కరుగా కరెంటుతో బట్టలారబెట్టే డ్రైయర్లు కొనుక్కున్నాం. అవి రేయింబవళ్లు గిరగిరా తిరుగుతుంటే వేడికి ఇళ్లు ఉడికిపోయాయి. దాంతో ఏసీలు పెంచాం. మా భవనం ఇంత కరెంటు మునుపెన్నడూ వాడలేదు. తలుపులు బిగించుకుని అందరం పర్యావరణం కోసం పాటుపడ్డాం.

దుప్పట్ల వదిన మాత్రం ఇబ్బంది పడింది. ఆసుపత్రి నర్సమ్మ మా గేటు దాకా వచ్చి అందరి ముందూ అడిగేసింది. “ఏమమ్మా, బాలింతల కింద తడి వాసన దుప్పట్లు వెయ్యమంటావా? పసిగుడ్లు పడుకునేవి. ఇంకోసారి ఇలా తెచ్చావంటే వేరేవాళ్లకిచ్చేస్తాం.” వదిన తల వంచుకుని మూట వెనక్కి తీసుకుంది. మర్నాడు ఆమె తమ్ముడు, మూసేసిన తన లాండ్రీ షాపులోంచి అల్మారా అంత డ్రైయరొకటి తెచ్చి పెట్టి వెళ్లాడు. అది తిరిగినప్పుడల్లా లిఫ్టు ఆగిపోయేది. వదిన పని చేస్తోందని మాకు అలా తెలిసేది.

సంస్థ పనితీరు చూడటానికి పైనుంచి ఒక పరిశీలకుడు వచ్చినప్పుడు కూడా ఆమె పనిలోనే ఉంది. ఆయనా మైకు బాబాయీ రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయారు. బాబాయి సమయం వృథా చెయ్యలేదు. సభలో చదవాల్సిన స్వాగతోపన్యాసం లిఫ్టులోనే మొదలుపెట్టి, పూర్తిచేసి, మళ్లీ మొదలుపెట్టాడు. వాళ్లను బయటికి తీసేసరికి పరిశీలకుడు ఏ కాగితం పెట్టినా సంతకం పెట్టే స్థితిలో ఉన్నాడు.

అయినా నియమం ప్రకారం ఒక లబ్ధిదారు మాట్లాడాలట. డైరెక్టర్ మేడం నేరుగా వదిన ఇంట్లోకి వెళ్లారు. నేను వెంట ఉన్నాను. ఆ గదిలో నడవడానికి చోటు లేదు, అంతా సగం ఆరిన దుప్పట్లే. మంచం మీద అత్తగారు దగ్గుతోంది.

“మా వల్ల మీ జీవితం మారిందని నాలుగు మాటలు చెప్పాలమ్మా.”

“మారింది మేడం. చెబుతాను,” అంది వదిన. “డాబా తాళంచెవి ఇప్పించండి.”

“అది నిబంధనలకు విరుద్ధం.”

“అయితే ఎలా మారిందో కూడా చెబుతాను.”

తాళంచెవి డైరెక్టర్ మేడం హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. వెంటనే దొరికింది.

సభలో వదిన అద్భుతంగా మాట్లాడింది. తాను ఇన్నాళ్లూ ఎండను ఎలా వృథా చేసిందో చెప్పి కళ్లు తుడుచుకుంది. పరిశీలకుడూ కళ్లు తుడుచుకున్నాడు. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆ ముఖంలో సిగ్గు ఉంది, కోపం ఉంది. చెయ్యి మాత్రం కొంగుకు ముడేసుకున్న తాళంచెవి మీద ఉంది. ఉపన్యాసం బాగా కుదిరిందని మెచ్చుకున్నాను.

మర్నాటి ఉదయం ఆమె డాబా ఎక్కింది. తీగలు లేవు. నల్లటి ప్యానెళ్లు ఏటవాలుగా, ఎండకు పెనాల్లా కాగుతున్నాయి. కాసేపు చూసి, ఒక దుప్పటి తీసి ప్యానెల్ మీద పరిచిందట. పైనుంచి ఎండ, కింద నుంచి వేడి. రెండోది పరిచేలోగా మొదటిది ఆరిపోయిందట. ఆ సాయంత్రం నర్సమ్మ దుప్పటి వాసన చూసి, “ఇదమ్మా దుప్పటంటే!” అంది. చాలా రోజుల తర్వాత వదిన మెట్ల మీద పాట పాడుకుంటూ దిగడం విన్నాం.

ఈ ఘోరాన్ని నేనే డైరెక్టర్ మేడంకు ఫోనులో నివేదించాను. ఆవిడ పరుగున వచ్చి, చూసి, ఫొటోలు తీసుకున్నారు. తర్వాతి నెల సంస్థ పత్రికలో ‘సౌరఫలకాలకు శ్వేతాచ్ఛాదన: భవనాలను చల్లబరిచే నూతన విధానం’ అన్న వ్యాసం వచ్చింది. దానికి బహుమతి కూడా వచ్చింది. మాకు ఆ బిరుదు వచ్చింది అప్పుడే.

బిరుదు వచ్చాక మేమూ డాబా ఎక్కాం. మా ఆవిడ చీరలు వేసింది, బాబాయి పంచెలు వేశాడు. ఇంతకు ముందు తీగల మీద ఇంత చక్కగా ఎప్పుడూ ఆరలేదని అందరూ ఒప్పుకున్నారు. డ్రైయర్లు మంచాల కిందికి పోయాయి. నిజం చెప్పాలంటే, మా భవనంలో సౌరశక్తి పథకం విజయవంతమైంది.

సరిగ్గా అప్పుడే రెండో దశ వచ్చిపడింది. ఎలక్ట్రీషియను వైర్ల చుట్టలతో డాబా ఎక్కి, “బట్టలు తీసేయండి, కనెక్షనిస్తాను. వీటి మీద ఇంకెప్పుడూ ఏమీ కప్పకూడదు” అన్నాడు. భవనం భవనమంతా భగ్గుమంది. అత్యవసర సమావేశం పెట్టాం. “కరెంటు ఈ రోజు వస్తుంది, రేపు పోతుంది. పొడిబట్టల మాటేమిటి?” అని మైకు బాబాయి గర్జించాడు. కనెక్షను వద్దని ఏకగ్రీవంగా తీర్మానించాం. డైరెక్టర్ మేడం ఏమాత్రం నొచ్చుకోలేదు. సముదాయం తన ప్రాధాన్యాలను తానే నిర్ణయించుకోవడమే అసలైన సుస్థిరత అని రాసుకుని, ఎలక్ట్రీషియన్ని వెంటబెట్టుకుని వెళ్లిపోయారు.

ఇక పంపకం మిగిలింది. ప్యానెళ్ల దగ్గర రోజూ తగవులవుతుంటే చూస్తూ ఊరుకోలేం కదా. ఒక్కో ఫ్లాటుకు కొన్ని చొప్పున చీటీలు వేసి పంచాం. మా వాటాకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎండ తగిలే వరుస వచ్చింది. కార్యదర్శి కాబట్టే వచ్చిందని గిట్టనివాళ్లు అన్నారు. అదంతా అదృష్టం. చీటీలు నేనే రాశాను, నాకు తెలుసు.

మూట చంకన పెట్టుకుని వదిన మా ఇంటికొచ్చింది.

“అన్నయ్యగారూ, చీటీల్లో నా పేరు లేదేంటి?”

“ఓనర్లకే వేశామమ్మా. నువ్వు అద్దెకుంటున్నావు కదా.”

“ఎండ అందరిదీ కాదా అన్నయ్యా?”

“ఎండ అందరిదేనమ్మా, ఎవరు కాదన్నారు? ప్యానెళ్లు ఓనర్లవి.”

ఆమె కొంగు ముడి విప్పి తాళంచెవి నా బల్ల మీద పెట్టింది. లోపలి నుంచి మా ఆవిడ, “పాపమండీ, మనకు వచ్చిన వాటిల్లో ఒకటి ఇద్దామా?” అంది. ఒకరికిస్తే అందరూ అడుగుతారని నేను నచ్చజెప్పాను. ఆ మాట నిజమే కదా అని, మా ఆవిడ తన చీరలు తిరగేయడానికి డాబా మీదికి వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా వదిన ఇల్లు ఖాళీ చేసింది. నాలుగు వీధులవతల ఒక పాత భవనంలో దిగిందట. అక్కడ డాబా మీద ఇంకా ఏమీ లేదట, రోజంతా ఎండేనట. దుప్పట్లు బాగా ఆరుతున్నాయట. ఆమె కుదురుకున్నందుకు మా అందరికీ సంతోషంగానే ఉంది. మా సంఘం తరఫున ఆ భవనం చిరునామా డైరెక్టర్ మేడంకు పంపించాం. వచ్చే వారం అక్కడ అవగాహన సదస్సు పెడుతున్నారు. మీ డాబా కూడా ఖాళీగా ఉంటే చెప్పండి, చెప్పి పెడతాను.