నల్ల కోటుకు బావి మందు

ప్రభుదాసు మాస్టరు ఆ పొద్దున పెద్ద పనేమీ పెట్టుకోలేదు. స్నానం చేసి, నల్ల కోటు తొడుక్కుని, నంద్యాలలో బస్సెక్కి, ఆళ్లగడ్డలో దిగి, చెల్లెలు సలోమి పెళ్ళిమాట ఖాయం చేసుకుని, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. అంతే. తండ్రి లేని పిల్ల, మంచి సంబంధం. అయితే పెళ్ళికొడుకు తండ్రి ఏలీయా రిటైరైన హెడ్మాస్టరు. మనిషి ముఖం కంటే ముందు కాలరు చూస్తాడని పేరు. ప్రభుదాసుకున్న ఒక్క మంచి చొక్కాకు వీపున జానెడు చిరుగు. అందుకని కాంపౌండరు సుందరరాజును బతిమాలి కోటు అరువు తెచ్చుకున్నాడు.

ఆ కోటు కాలరు మడతలో నల్లి కనబడింది. ‘నీ కోటులో నల్లి ఉంది’ అని అరువిచ్చిన వాడితో ఏ ముఖం పెట్టుకుని అంటాడు?

“గూట్లో మందుండాది, సల్లు. సచ్చూరుకుంటాది,” అంది భార్య హన్నమ్మ పొయ్యి దగ్గర నుంచే.

గూట్లో రెండు డబ్బాలున్నాయి. ఒకదాంట్లో నల్లుల మందు. రెండోదాంట్లో, వాంతిబేదులు తగిలిన సంవత్సరం బావిలో కలపమని మునిసిపాలిటీ వాళ్ళు ఇంటింటికీ పంచిన బ్లీచింగ్ పౌడరు. ఆ ఇంట్లో రెండింటి పేరూ మందే, రెండూ తెల్లటి పొడే. మూత తీస్తే వాసనను బట్టి ఎవరికైనా తేడా తెలిసిపోతుంది గానీ, ప్రభుదాసుకు పడిశం పట్టి ముక్కు పనిచేయడం లేదు. చేతికందిన డబ్బా తీసి, పీడ విరగడవ్వాలని గుప్పిళ్ళతో చల్లి, స్నానానికి వెళ్ళాడు.

హన్నమ్మ కోటు దులిపి, ఇస్త్రీకని నీళ్ళు చిలకరించి, పెట్టెలో నిప్పులు వేసుకుని వచ్చేసరికి కోటు భుజాల మీద, రొమ్ము మీద ఇటుకరంగు మచ్చలు తేలి ఉన్నాయి.

“ఏమయ్యో! యా మందు సల్లినావు?”

“నువ్వు సెప్పిన మందే.”

“అది బాయి మందు గదయ్యా! ముక్కు యాడ పెట్టుకున్నావు?”

తడిబట్టతో రుద్దితే మచ్చలు పెద్దవయ్యాయి. బడి సిరా పూస్తే నీలమయ్యాయి. చివరికి దీపం మసిని ఆముదంలో కలిపి దట్టించారు.

“దూరం నుంచి సూస్తే నల్లగానే ఉండాదిలే,” అంది హన్నమ్మ.

“ఎంత దూరం నుంచి?”

“బనగానపల్లె నుంచి.”

బస్సులో ఎండకు ఆముదం కరిగింది. పక్కన కూర్చున్న రైతు తన తెల్లపంచె వంకా, ప్రభుదాసు మోచేతి వంకా మార్చి మార్చి చూశాడు. “ఏందప్పా, నీ కోటు కారుతాండాది!” అన్నాడు బస్సంతా వినబడేలా. విప్పుదామంటే లోపల చిరుగు. ప్రభుదాసు ఆళ్లగడ్డ దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ, చెవుల దాకా ఎర్రబడి కూర్చున్నాడు.

ఏలీయా వాకిట్లోనే ఎదురొచ్చాడు. చేయి చాపబోయి ఆగాడు. కోటు మీది బావి మందు వాసనకు ముక్కు ఎగబీల్చాడు. గబగబా వెనక్కి నడిచి గడప ఎక్కాడు. మచ్చలు కనబడిపోయాయనుకున్నాడు ప్రభుదాసు.

“ఏందప్పా ఇది? ఎప్పుడైంది?”

“ఈ పొద్దున్నే సార్,” అన్నాడు తల వంచుకుని.

“బయట తెలుసా?”

“లేదు సార్. ఇంట్లోనే దాసిపెట్టినాం.”

“దాసిపెట్టినారా! మందెయ్యలేదా?”

“మందెయ్యబట్టే ఇట్లయింది సార్.”

“అయ్యో దేవా! ఇంక ఆశ లేదా?”

“లేదు సార్. సిరా పూసినాం, మసి పూసినాం. హన్నమ్మ ఏడుస్తాండాది.”

“సిరా పూసినారా!” ఏలీయా గొంతు కీచుమంది. “లూదియా! నీళ్ళకుండ లోపల పెట్టు! నంద్యాలలో వాంతిబేదులు! ఈయన ఇంట్లోనే!”

తలుపు ధడేలున మూసుకుంది. క్షణంలో వీధిలోని తలుపులన్నీ మూసుకున్నాయి. లోపలి నుంచి ఏలీయా అరిచాడు. “ఇంట్లో అట్లా పెట్టుకుని పెండ్లి మాటలకొస్తావా? ఆ ఇంటి పిల్ల మాకొద్దు. పో!”

ప్రభుదాసుకు సలోమి ముఖం గుర్తొచ్చింది. పొద్దున గుమ్మంలో నిలబడి, ఏమీ అడగకుండా నవ్విన ముఖం. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. నడివీధిలో కోటు విప్పి, చినిగిన వీపును ఆళ్లగడ్డకు అప్పగించి, మూసిన తలుపుతో మాట్లాడవలసి వచ్చింది కనుక గొంతెత్తి అరిచాడు.

“వాంతిబేదులు కాదు సార్! నల్లి! కోట్లో నల్లి ఉంటే తెలీక బాయి మందు సల్లినా! కోటు నాది కాదు! అరువుది! నాకు కోటు లేదు సార్!”

కిటికీలు ఒకటొకటిగా తెరుచుకున్నాయి. అన్ని కళ్ళ మధ్య ప్రభుదాసు సిగ్గుతో చచ్చిపోయాడు.

కాసేపటికి ఏలీయా తలుపు సందు చేసుకుని అడిగాడు. “ఎవురిది?”

“కాంపౌండరు సుందరరాజుది సార్.”

ఏలీయా ముఖం అదోలా అయింది. ఆయన వెనక నుంచి భార్య లూదియమ్మ దూసుకొచ్చి, కోటు లాక్కుని లోపలి జేబు తిరగేసింది. అక్కడ ఎర్రదారంతో కుట్టిన చిన్న శిలువ ఉంది.

“ఇది నేను కుట్టింది గదూ! నీ కోటేనయ్యా ఇది! సుందరరాజు పెండ్లికని ఇస్తివి, వాడు మళ్ళీ తేలేదు. నల్లులుండాయి, ఎండలో ఏసియ్యి అని ఆ పొద్దే మొత్తుకుంటి. ‘ఎండలో ఏస్తే వీధంతా సూస్తాది, పరువు పోతాది’ అంటివి!”

ఆమెది ప్రార్థనలో వెనక వరుస దాకా వినిపించే గొంతు. కిటికీలన్నీ ఇప్పుడు ఏలీయా వైపు తిరిగాయి. ఊరందరి కాలర్లూ చూసిన మనిషి తలెత్తలేక తన కాలి వేళ్ళు చూసుకున్నాడు.

“ప్రభుదాసూ, బేగా లోపలికి రాప్పా. ఆ తలుపెయ్యి,” అన్నాడు మెల్లగా. “పిల్ల మా పిల్లే. మాట ఖాయం. ఈ నల్లి సంగతి మాత్రం నంద్యాలలో అనొద్దు.”

“నేనెందుకంటా సార్?” అన్నాడు ప్రభుదాసు. సిగ్గు పంచుకునేసరికి ఇద్దరికీ కాస్త ఊపిరాడింది. లూదియమ్మ కోటును కుర్చీకి తగిలించి, కాఫీ కలపడానికి వెళ్ళింది.

కాలరు మడతలోంచి నల్లి బయటికి వచ్చింది. దానికేమీ కాలేదు.