కదలకు బావా

అయినా బొమ్మ సగమే వస్తే మాత్రం కొంపలేం మునిగాయి, అనుకుంటూ అతను టీవీ ముందు కాఫీ చల్లార్చుకుంటున్నాడు. పాత రోజుల్లో గాలి వీస్తే మనిషి పక్కన నీడలా ఇంకో మనిషి కనిపించేవాడు. వాన పడితే తెర నిండా చీమలు పాకేవి. అయినా ముక్కూ మొహం పోల్చుకోగలిగేవాళ్ళం, మిగతాది మనసు పూరించుకునేది. ప్రసారాలన్నీ డిజిటల్ అయిపోయాక ఆ మొహమాటం పోయింది. వస్తే పూర్తిగా వస్తుంది, లేకపోతే అసలు రాదు. మనుషుల్లో కూడా అలాంటివాళ్ళంటే అతనికి మొదటినుంచీ బెదురే.

కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీయడం అతని పని. వెంట్రుకవాసి ఎక్కువ అరిగితే అద్దం పారేయాల్సిందే. ఆ జాగ్రత్త చేతిలోంచి నోటికి పాకింది. ఏ మాటకీ తొందరపడి జవాబు చెప్పడు. ఇంట్లోవాళ్ళు ఈ గుణానికి వేరే పేరు పెట్టుకున్నారు.

భార్య సిటీ బస్సు డ్రైవరు. ఆ సాయంత్రం ఐదింటికి ఆమె మీద టీవీలో ఒక కార్యక్రమం వస్తుంది. ఆమె డ్యూటీలో ఉంటుంది కాబట్టి చూడటం కుదరదు. చూసి చెప్పవలసింది అతను.

"టీవీ ఇప్పుడు పనిచేస్తోందిగా?" యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ అడిగింది ఆమె.

"బ్రహ్మాండంగా" అన్నాడు. ఈ జవాబు మాత్రం వెంటనే వచ్చింది. అబద్ధానికి ఆలోచనతో పనిలేదు కదా.

"యూనిఫాంలోనే తీశారు. బాగుంటానంటారా?"

ఇది అసలైన ప్రశ్న. అతను ఆలోచించడం మొదలుపెట్టాడు. జవాబు గొంతుదాకా వచ్చేసరికి ఆమె మెట్లు దిగి వీధి మలుపు తిరిగిపోయింది.

నిజమేమిటంటే, ఆ టీవీలో బొమ్మ కనబడి పది రోజులైంది. "మంచి యాంటెనాకి డిజిటలైనా ఒకటే, గాడిదగుడ్డయినా ఒకటే" అని ఆమెతో వాదించింది అతనే. ఓడిపోయానని చెప్పలేక, నిన్న గుట్టుగా యాంటెనాతో పనిచేసే ఒక సెట్‌టాప్ బాక్స్ కొనుక్కొచ్చి, టీవీగారి పెద్ద పొట్ట వెనక దాచి తగిలించాడు. తెర నీలంగా వెలిగింది. దాని మీద 'సిగ్నల్ లేదు' అన్న రెండు ముక్కలు తప్ప మరేమీ రాలేదు. ఈరోజు సెలవు పెట్టి మరీ ఇంట్లో ఉన్నాడు. భార్యను టీవీలో చూడకపోతే, చూడలేదని చెప్పాలి. చూడలేదంటే ఎందుకని అడుగుతుంది. అక్కణ్ణుంచి పది రోజుల వాదన మొత్తం తిరగదోడాలి.

మధ్యాహ్నం బావమరిదిని లేపాడు. బేకరీలో రాత్రి షిఫ్టు చేసి వచ్చి, పగలంతా వీళ్ళ ముందుగదిలో నిద్రపోవడం అతని దినచర్య.

"లే. నేను డాబా మీద యాంటెనా తిప్పుతా. బొమ్మ రాగానే కిటికీలోంచి కేకెయ్."

"ఇంకా ఏ కాలంలో ఉన్నావు బావా?" అంటూనే లేచాడు బావమరిది. అక్క కార్యక్రమం కదా.

తిప్పడం మొదలైంది.

"వచ్చిందా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదు... వచ్చింది, వచ్చింది. పోయింది. ఎందుకు తిప్పావు బావా?"

వెనక్కి తిప్పాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. వచ్చిందనే కేక వినబడేసరికి చెయ్యి ముందుకు జరిగిపోయి ఉంటోంది. వీధిలో వెళ్ళేవాళ్ళు తలెత్తి చూస్తున్నారు. ఎదురింటి కుక్క కూడా ప్రతి 'వచ్చిందా'కీ ఒకసారి మొరగడం నేర్చుకుంది.

నాలుగున్నర దాటాక అతనికి తట్టింది. ఈ బాక్సు బొమ్మను అందుకుని, సర్దుకుని, అప్పుడు చూపిస్తుంది. అడగ్గానే చెప్పదు. చెప్పేముందు కాస్త ఆలోచిస్తుంది. ప్రపంచంలో తన స్వభావం ఉన్న వస్తువు ఒకటి తయారైందని, అలాంటివాటిని పది రోజులుగా తానే తిడుతున్నానని తెలిసి అతని మనసు కలుక్కుమంది. కొంచెం తిప్పి, ఆగాడు. మళ్ళీ కొంచెం తిప్పి, నాలుగుసార్లు ఊపిరి పీల్చి వదిలాడు.

"వచ్చింది బావా. అద్దంలా ఉంది. కదలకు."

చెయ్యి తీయబోతే గొట్టం గాలికి అటూ ఇటూ ఊగింది. నట్టు ఎప్పుడో తుప్పు పట్టి వదులైపోయింది.

"పోతోంది. కదలకు అంటున్నానా?"

"నువ్వొచ్చి పట్టుకో, నేను కిందికొచ్చి చూస్తా."

"ఇప్పుడా? మొదలైపోయింది. అక్క బస్సెక్కుతోంది."

"ఎలా ఉంది?"

"అక్కలాగే ఉంది. నువ్వు మాట్లాడకు, బొమ్మ పోతుంది."

అతను ఇనపగొట్టాన్ని రెండు చేతులా బిగించి, కళ్ళు మూసుకుని, నోరు కాస్త తెరిచి, శిలలా నిలబడ్డాడు. కిందినుంచి ఆమె గొంతు లీలగా వస్తోంది, మాటలు తెలియడం లేదు. మూసిన రెప్పల వెనక ఆమె స్టీరింగు తిప్పుతోంది. సగం బొమ్మే. మనసు పూరించుకుంటోంది.

సరిగ్గా అప్పుడే పైవాటా బాబాయిగారు ఆరేసిన తువ్వాలు కోసం డాబా మీదికొచ్చాడు. కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. షాక్ తగిలినవాణ్ణి కాపాడటమెలాగో సర్వీసంతా అందరికీ పాఠం చెప్పాడు గానీ, పాపం, కాపాడే అవకాశం ఒక్కసారీ రాలేదు. ఇప్పుడు కళ్ళెదుట ఇనపగొట్టానికి అతుక్కుపోయి, నోరు తెరిచి, కదలకుండా ఒక మనిషి.

"బాబూ, వినబడుతోందా?"

అతనికి వినబడింది. జవాబు చెబితే గొట్టం కదులుతుందా, చెప్పకపోతే పెద్దాయన నొచ్చుకుంటాడా అని అలవాటు కొద్దీ ఆలోచిస్తున్నాడు. తేల్చుకునేలోగా బాబాయిగారు రెండేసి మెట్లు దిగుతూ వెళ్ళి, ఇల్లు మొత్తానికీ ఉన్న మెయిన్ కట్టేశాడు.

"పోయింది బావా. కదిలావా?"

"లేదే."

"ఇంట్లో సంగతులు ఏవో అడిగారు. అక్క నోరు తెరిచింది, అంతే, పోయింది. కొంచెం అటు తిప్పు."

తిప్పి, బిగబట్టి నిలబడ్డాడు. ఈలోగా బాబాయిగారు ఎండుకర్రతో తిరిగొచ్చాడు. మెయిన్ కట్టేసినా మనిషి ఇంకా అతుక్కునే ఉన్నాడు. పాఠంలో రెండో అంకం మిగిలే ఉంది. కర్ర గాలిలో లేచి, మణికట్టు మీద ఒకటి, గొట్టం మీద ఒకటి పడ్డాయి.

అతను చెయ్యి వదిలేశాడు. యాంటెనా గిర్రున తిరిగి, ఎటో మొహం పెట్టి ఆగింది.

"భయపడకు, బతికావు" అన్నాడు బాబాయిగారు రొప్పుతూ. "షాక్ ఎంతసేపటి నుంచి?"

"ఏ షాకండీ?"

విషయం తేలాక బాబాయిగారు వెళ్ళి మెయిన్ వేశాడు. బాక్సు తీరిగ్గా మేలుకుంది. ఎవరూ పట్టుకోకుండానే తెర మీద ఒక సబ్బు ప్రకటన కడిగిన ముత్యంలా వెలిగింది. కర్రదెబ్బకి నట్టు ఎక్కడో బిగుసుకుంది. కార్యక్రమం అయిపోయింది.

చీకటి పడే వేళకి ఆమె వచ్చింది. సంచీ దించకుండానే "చూశారా?" అంది.

అతను కమిలిన మణికట్టు చూపించి జరిగిందంతా చెప్పాడు. బాక్సు సంగతితో సహా.

"అయితే ఎవరూ చూడలేదా?"

"నువ్వు ఇంటి సంగతులు మొదలుపెట్టేదాకా వీడు చూశాడు."

ఆమె కుర్చీలో కూలబడి నిట్టూర్చింది. "బాబాయిగారికి దండం పెట్టాలి. పొద్దుట్నుంచీ కరెంటు పోతే బాగుండునని మొక్కుకుంటూ బస్సు నడిపాను."

"ఎందుకు?"

"ఇంట్లో కష్టమా, బస్సులో కష్టమా అని అడిగింది ఆ టీవీ అమ్మాయి. బస్సుదేముంది, బ్రేకు నొక్కగానే ఆగుతుంది, మా ఆయన్ని ఏదైనా అడిగితే జవాబు మర్నాటికి గానీ రాదు, అదీ కష్టం అనేశాను. తీస్తున్నప్పుడే డిపో అంతా ఒకటే నవ్వు. కోపమొచ్చిందా?"

బావమరిది గోడకేసి తిరిగి నవ్వాపుకుంటున్నాడు. తెర మీద ఎవరో వాతావరణం గురించి స్పష్టాతిస్పష్టంగా చెబుతున్నారు. అతను లేచి వెళ్ళి టీవీ కట్టేశాడు. వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

"బాగుంటావు" అన్నాడు.

"ఏంటి?"

"పొద్దున అడిగావుగా. యూనిఫాంలో."

ఈసారి జవాబు రావడం ఆలస్యమైంది అటువైపు నుంచి.